మిణుకుమనే తోరణంలో గంట కొట్టేదెవరు?

దీపావళికి వారం ముందు అటక మీంచి సీరియల్ సెట్టు దిగుతుంది. చిక్కు విప్పి ప్లగ్గులో పెడితే సగం తీగ వెలుగుతుంది, సగం వెలగదు. వెలిగిన సగం మాత్రం నిక్షేపంగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఆ ఆటంతా ఆడించేది తీగకు తగిలించిన అగ్గిపెట్టెంత డబ్బా అని ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అందులో ఏం జరుగుతోందో మాత్రం విప్పి చూసినా తెలియదు. చిన్న బోర్డు మీద నల్లటి లక్కబొట్టు లాంటిది కనిపిస్తుంది, అంతే. అసలు చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది.

ఎల్ఈడీని వెలిగించడంలో పెద్ద విద్య ఏమీ లేదు. కరెంటును అదుపులో పెట్టే ఒక రెసిస్టర్, రెండు తీగలు, కాస్త కరెంటు చాలు. ఆర్పడానికైతే స్విచ్చు ఉండనే ఉంది. చిక్కంతా కాలం దగ్గర వస్తుంది. అర సెకను అయిపోయిందని సర్క్యూట్‌కు ఎలా తెలుస్తుంది? మనిషి స్విచ్చు దగ్గర కూర్చుని లెక్కపెట్టనక్కర్లేకుండా కాలాన్ని కొలిచేది ఏది?

ఈ ప్రశ్నకు మన దగ్గర చాలా పాత జవాబు ఒకటుంది: గడియ కుడుక. అడుగున సన్నటి రంధ్రం ఉన్న చిన్న లోహపు గిన్నెను నీళ్ల తొట్టిలో తేలేస్తారు. రంధ్రంలోంచి నీరు మెల్లగా ఎక్కుతుంది. గిన్నె మునిగే వేళకు ఒక గడియ, అంటే 24 నిమిషాలు అయినట్టు. కాపలా మనిషి గంట కొట్టి, గిన్నెను పైకి తీసి, నీళ్లు పారబోసి మళ్లీ తేలేస్తాడు. రోజుకు అరవై సార్లు ఇదే పని. ముహూర్తాలు, జాముల లెక్కలు దీని మీదే నడిచాయి.

గిన్నె స్థానంలో చార్జిని నింపుకునే కెపాసిటర్‌ను, రంధ్రం స్థానంలో రెసిస్టర్‌ను పెడితే మిణుకుమనే దీపం దాదాపు తయారైనట్టే. మిగిలేది కాపలా మనిషి ఒక్కడే. గిన్నె నిండిందని కనిపెట్టి, గంట కొట్టి, దాన్ని ఖాళీ చేసే పని ఎవరికి అప్పగించాలన్నదాన్ని బట్టే ఒక సర్క్యూట్‌కూ ఇంకో సర్క్యూట్‌కూ తేడా వస్తుంది.

మొదట్లో ఈ పని వేడికి అప్పగించారు. కరెంటు దీపాలతో పండుగ అలంకారం 1882లోనే మొదలైంది. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ ఆ డిసెంబరులో న్యూయార్క్‌లోని తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు 80 చిన్న బల్బులు చుట్టాడు. ఎల్ఈడీలు రాకముందు మన ఇళ్లలో వాడిన ఫిలమెంట్ సీరియల్ సెట్లలో మిణుకు పుట్టించే బల్బు వేరే ఉండేది. చూడ్డానికి మిగతా వాటిలాగే ఉన్నా దాని లోపల రెండు లోహాలు అతికించిన సన్నని పట్టీ ఉంటుంది. వేడెక్కితే రెండు లోహాలూ సమానంగా సాగవు కాబట్టి పట్టీ వంగుతుంది, దారి తెగుతుంది, బల్బులన్నీ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి తోరణం మొత్తం ఆరిపోతుంది. చల్లారగానే పట్టీ తిన్నగా అయి మళ్లీ అంటుకుంటుంది. ఆ బల్బు పీకి మామూలు బల్బు పెడితే తోరణం మిణకడం మానేసి నిలకడగా వెలిగేది. ఒక్క బల్బు మారిస్తే అన్నీ ఎందుకు ఆగిపోతున్నాయో అప్పట్లో చాలామంది పిల్లలకు పెద్ద పజిల్.

ఇంట్లో కట్టుకునే సర్క్యూట్లలో ఆ కాపలా పని ట్రాన్సిస్టర్లు చేస్తాయి, చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసేవి ఇవే. అవేం చేస్తాయో చూసే ముందు గిన్నె నిండే వేగం తెలియాలి. రెసిస్టర్ విలువను ఓముల్లో, కెపాసిటర్ విలువను ఫారడ్లలో తీసుకుని గుణిస్తే వచ్చేది సెకన్లు. 22 కిలో ఓములను 47 మైక్రోఫారడ్లతో గుణిస్తే 1.03 సెకన్లు వస్తాయి. ఇంత సమయంలో ఖాళీ కెపాసిటర్ 63 శాతం దాకా నిండుతుంది. సగానికి చేరడానికి పట్టేది దీనిలో 0.69 వంతు. రెసిస్టర్ పెద్దదైతే రంధ్రం సన్నదైనట్టు, కెపాసిటర్ పెద్దదైతే గిన్నె పెద్దదైనట్టు. రెండింటిలో ఏది పెంచినా మిణుకు నెమ్మదిస్తుంది.

కాపలా పనికి రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతి ట్రాన్సిస్టర్ల కంటే పాతది. ఫ్రాన్సులో ఆన్రీ అబ్రహాం, యూజీన్ బ్లాక్ 1919లో వాక్యూమ్ ట్యూబులతో దీన్ని ప్రచురించి మల్టీవైబ్రేటర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి కావలసినవి రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, రెండు ఎర్ర ఎల్ఈడీలు, 220 ఓముల రెసిస్టర్లు రెండు, 22 కిలో ఓములవి రెండు, 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఏ విడిభాగాల కొట్లో అడిగినా ఒకే పొట్లంలో కట్టి ఇస్తారు. టంకం పెట్టడం రాకపోతే భాగాల కాళ్లు గుచ్చితే సరిపోయే రంధ్రాల పలక, బ్రెడ్‌బోర్డు, చాలు. కొన్ని బ్రెడ్‌బోర్డుల అంచున ఉండే ప్లస్, మైనస్ వరసలు మధ్యలో తెగి ఉంటాయి. సర్క్యూట్ అంతా సరిగ్గా ఉన్నా ఏదీ వెలగకపోతే మొదట చూడాల్సింది అక్కడే.

బీసీ547ను చదును వైపు మన ముఖానికి తిప్పి కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే, ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. బేస్‌కు సైగ అందితే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు కరెంటు పారుతుంది. రెండు ఎమిటర్లూ మైనస్‌కు. ప్లస్ నుంచి 220 ఓముల రెసిస్టర్, దాని వెనక ఎల్ఈడీ, అక్కణ్నించి కలెక్టర్. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. ఒక్కో బేస్ నుంచి ప్లస్‌కు 22 కిలో ఓములు. ఇక మిగిలినవి కెపాసిటర్లు. మొదటి దాని కలెక్టర్ నుంచి రెండో దాని బేస్‌కు ఒకటి, రెండో దాని కలెక్టర్ నుంచి మొదటి దాని బేస్‌కు ఇంకొకటి, కత్తెర వేసినట్టు. కెపాసిటర్ ఒంటి మీద తెల్ల పట్టీ ఉన్న కాలు మైనస్, అది బేస్ వైపు వెళ్లాలి. కరెంటు 5 ఓల్టులు, పాత ఫోన్ చార్జర్ సరిపోతుంది.

ఒక ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే దాని కలెక్టర్ దాదాపు సున్నాకు పడిపోతుంది. కెపాసిటర్‌లో నిండిన చార్జి ఒక్కసారిగా మాయం కాలేదు. అందుకని ఒక కాలు కిందికి లాగగానే రెండో కాలు సున్నా కంటే కిందికి దిగుతుంది. ఆ కాలు అవతలి ట్రాన్సిస్టర్ బేస్‌కు తగిలి ఉంది కాబట్టి అది ఆరిపోతుంది. ఆ తర్వాత 22 కిలో ఓముల రంధ్రంలోంచి మెల్లగా నిండుతూ బేస్ 0.65 ఓల్టుల దాకా రాగానే అవతలిది లేచి కూర్చుంటుంది. లేస్తూనే ఇవతలిదాన్ని పడుకోబెడుతుంది. ఇద్దరు కాపలాదార్లు, రెండు గిన్నెలు, ఒకరు మేల్కొంటే ఇంకొకరికి నిద్ర. అసలు మొదట ఎవరు మేల్కొంటారు? ఒకే ప్యాకెట్‌లోంచి తీసినా ఏ రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ పిసరంత తేడాయే ఆటను మొదలుపెడుతుంది. ఎప్పుడైనా రెండూ ఒకేసారి ఆన్ అయి దీపాలు రెండూ కదలకుండా వెలుగుతూ ఉండిపోవచ్చు. ఒక బేస్‌ను క్షణంపాటు మైనస్‌కు తాకిస్తే మళ్లీ కదులుతుంది.

పాఠ్యపుస్తకం లెక్కకూ బల్ల మీది సర్క్యూట్‌కూ పొసగని చోటు ఒకటి ఇక్కడే ఉంది. పుస్తకం ప్రకారం ఒక్కో దీపం 1.03ను 0.69తో గుణించినంత సేపు, అంటే 0.72 సెకను వెలగాలి. స్టాప్‌వాచ్ పెట్టి పదిసార్లు లెక్కపెడితే 0.6 సెకను కూడా రాదు. తప్పు ఎల్ఈడీది. పుస్తకంలో కలెక్టర్‌కు రెసిస్టర్ మాత్రమే ఉంటుంది, ఆఫ్ అయినప్పుడు కలెక్టర్ పూర్తిగా 5 ఓల్టులకు ఎక్కుతుంది. మధ్యలో ఎర్ర ఎల్ఈడీ ఉంటే అది తన వంతుగా ఒకటిన్నర ఓల్టు పైచిలుకు మింగేస్తుంది, కలెక్టర్ మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. గిన్నె అంత లోతుకు దిగదు కాబట్టి త్వరగా నిండుతుంది. తెల్ల ఎల్ఈడీ పెడితే అది మింగేది ఇంకా ఎక్కువ, మిణుకు ఇంకా తొందరపడుతుంది. దీపం రంగు మారిస్తే వేగం మారడం వింతగానే అనిపిస్తుంది. కలెక్టర్ నుంచి నేరుగా ప్లస్‌కు 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి అదనంగా వేస్తే కలెక్టర్ పైదాకా ఎక్కి లెక్క మళ్లీ పుస్తకానికి దగ్గరగా వస్తుంది.

ఇదే సర్క్యూట్‌కు 9 ఓల్టుల బ్యాటరీ తగిలించమని చెప్పే వీడియోలు బోలెడు. వెలుగుతుంది, నిజమే. అయితే 9 ఓల్టుల దగ్గర బేస్ సున్నా కిందికి ఆరున్నర ఓల్టుల దాకా దిగుతుంది. బీసీ547 బేస్ ఎదురు దిశలో ఓర్చుకునే హద్దు 6 ఓల్టులు. హద్దు దాటినంత మాత్రాన ట్రాన్సిస్టర్ ఆ పూటే చావదు, వాడగా వాడగా దాని గెయిన్, అంటే కరెంటును పెంచే శక్తి, తగ్గిపోవచ్చు. 5 ఓల్టుల దగ్గర ఈ బెడద లేదు. 9 ఓల్టుల బ్యాటరీ కెపాసిటీ కూడా చిన్నదే, రాత్రంతా వెలగనిస్తే త్వరగా అయిపోతుంది.

రెండో దారి 555 ఐసీ, కాలం కొలిచే సర్క్యూట్ ఇమిడిన చిప్పు. హాన్స్ కామెన్‌జిండ్ అనే స్విస్ ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని రూపొందించాడు, 1972లో మార్కెట్లోకి వచ్చింది. లోపల 5 కిలో ఓముల రెసిస్టర్లు మూడు ఉన్నాయి కాబట్టి 555 అని పేరు వచ్చిందని కాలేజీల్లో చెబుతుంటారు. ఆ అంకె ఊరికే ఎంచుకున్నదేనని కామెన్‌జిండే చెప్పాడు.

పేరు సంగతి ఎలా ఉన్నా దీని గొప్పతనం ఆ మూడు రెసిస్టర్లలోనే ఉంది. అవి సరఫరా ఓల్టేజీని మూడు సమాన భాగాలు చేసి, గిన్నె మీద రెండు గీతలు గీస్తాయి: మూడింట ఒక వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర ఒకటి. కెపాసిటర్ పై గీతకు చేరగానే లోపలి ట్రాన్సిస్టర్ తెరుచుకుని దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. కింది గీతకు దిగగానే మూసుకుంటుంది. బ్యాటరీ నీరసించి 6 ఓల్టులు 5 అయినా గీతలు కూడా అదే పాళ్లలో కిందికి జరుగుతాయి, నిండే వేగమూ అదే పాళ్లలో తగ్గుతుంది. అందుకని మిణుకు వేగం మారదు. ట్రాన్సిస్టర్ల జంటలో ఎల్ఈడీ రంగు మారితేనే లెక్క తప్పింది, ఇక్కడ సరఫరాయే మారినా తప్పదు.

కాళ్లు ఎనిమిది. 8, 4 ప్లస్‌కు, 1 మైనస్‌కు. 2, 6 కలిపేసి అక్కణ్నించి మైనస్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. 6కూ 7కూ మధ్య 68 కిలో ఓములు, 7 నుంచి ప్లస్‌కు 1 కిలో ఓము. 5 నుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ చిన్న సిరామిక్ కెపాసిటర్. ఫలితం 3లో వస్తుంది: దాదాపు అర సెకను ఆన్, అర సెకను ఆఫ్. నిండేటప్పుడు కరెంటు రెండు రెసిస్టర్లలోంచీ వస్తుంది, ఖాళీ అయ్యేటప్పుడు 68 కిలో ఓములలోంచి మాత్రమే పోతుంది. అందుకే ఆన్ సమయం ఆఫ్ కంటే ఎప్పుడూ పిసరు ఎక్కువ. ఈ తేడా తీసేద్దామని 1 కిలో ఓమును కూడా ఎగరగొట్టి 7ను నేరుగా ప్లస్‌కు కలిపితే, ఖాళీ చేసే ట్రాన్సిస్టర్ ప్లస్‌నే మైనస్‌కు షార్ట్ చేసి ఐసీని కాల్చేస్తుంది. ప్లగ్గు పెట్టగానే వచ్చే మొదటి వెలుగు మిగతావాటి కంటే పొడుగ్గా ఉండటం కూడా గమనించవచ్చు. మొదటిసారి గిన్నె అడుగు నుంచి నిండాలి, తర్వాత కింది గీత నుంచి నిండితే చాలు.

3వ కాలికి రెండు దీపాలు పెట్టి ఒకటి వెలిగినప్పుడు ఇంకొకటి ఆరేట్టు చేయవచ్చు. ప్లస్‌కూ 3కూ మధ్య ఒకటి, 3కూ మైనస్‌కూ మధ్య ఒకటి, ఒక్కోదానికి సొంత రెసిస్టర్. 5 ఓల్టుల సరఫరా మీద రెండింటికీ 220 ఓములే వేస్తే మాత్రం మైనస్ వైపుది డిమ్‌గా వెలుగుతుంది. 555 అవుట్‌పుట్ కిందికి దిగేటప్పుడు సున్నా దాకా దిగుతుంది కానీ పైకి ఎక్కేటప్పుడు ఐదుకు చేరకుండా మూడున్నర దగ్గరే ఆగుతుంది. ఎర్ర ఎల్ఈడీకైతే మైనస్ వైపు 100 ఓములు వేస్తే రెండూ సమానమవుతాయి. తెల్లదీ నీలందీ వెలగడానికే 3 ఓల్టులు కావాలి కాబట్టి వాటిని ప్లస్ వైపే పెట్టడం మేలు.

ఏ దారి ఎంచుకోవాలి? చెప్పినట్టు పనిచేసేది, లెక్కకు అందేది 555. నేర్చుకోవడానికి మాత్రం ట్రాన్సిస్టర్ల జంటే ముందు. అందులో కాపలాదారు కళ్ల ముందు ఉంటాడు, మల్టీమీటర్ ముల్లు పెట్టి వాడి నిద్రను కూడా కొలవవచ్చు. 555 మొదటే చేతికిస్తే అది ఇంకో నల్ల డబ్బా అవుతుంది. డబ్బు ఆదా కోసమైతే రెండూ దండగే, బజారులో తయారైన తోరణం చవక.

ఒకటి రెండు దీపాల నుంచి గుమ్మానికి సరిపడా తోరణం కావాలంటే సరఫరాను 12 ఓల్టుల అడాప్టర్‌కు మార్చాలి. తెల్ల ఎల్ఈడీలు మూడింటిని ఒకే వరసలో కట్టి 150 ఓముల రెసిస్టర్ వేస్తే వరసకు 19 మిల్లీయాంపులు పడతాయి. అలాంటి వరసలు పది పక్కపక్కన పెడితే 30 దీపాలు, 190 మిల్లీయాంపులు. 555 తనంతట తాను 200 దాకా మోయగలదని డేటాషీట్ అంటుంది గానీ హద్దు మీద నడిపితే వేడెక్కుతుంది. 3వ కాలి నుంచి 1 కిలో ఓము ద్వారా బీడీ139 ట్రాన్సిస్టర్ బేస్‌కు ఇచ్చి బరువు దాని మీద పెట్టడం మంచిది. రెసిస్టర్ ఆదా చేద్దామని పది వరసలకూ కలిపి ఒకటే వేస్తే కరెంటు సమానంగా పంచుకోవు. కాస్త తక్కువ ఓల్టేజీకి వెలిగే వరస ఎక్కువ మింగి ముందు పోతుంది, ఆ భారం మిగతావాటి మీద పడుతుంది. విలువలేవీ మార్చకపోయినా 12 ఓల్టుల దగ్గర కూడా మిణుకు అర సెకనుకే ఉంటుంది.

పవర్ బ్యాంకు మీద నడిపేవాళ్లకు ఒక తమాషా ఎదురవుతుంది. దీపాలు కాసేపు చక్కగా మిణికి ఉన్నట్టుండి ఆగిపోతాయి. సర్క్యూట్‌లో తప్పేమీ ఉండదు. ఒకటి రెండు దీపాల సర్క్యూట్ తీసుకునే 15 మిల్లీయాంపులు మరీ తక్కువ కాబట్టి ఫోన్ తీసేశారనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆఫ్ అయిపోతాయి. మూడు పెన్సిల్ సెల్లులు 4.5 ఓల్టులు ఇస్తాయి, అవి అలా అలగవు.

ఇక బజారు తోరణం డబ్బా సంగతి. అందులో కాలం కొలిచే పనీ, ఎనిమిది రకాల ఆటలు ఆడించే పనీ లక్కబొట్టు కింది చిప్పుది. దాని సైగ మీద తీగలోకి కరెంటు వదిలేవి ఎస్‌సీఆర్‌లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు. ప్లగ్గులో నేరుగా పెట్టే చవక తోరణాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 ఓల్టులు డయోడ్ల గుండా సరాసరి తీగలోకే వెళ్తాయి. చివరన వెలిగే ఎల్ఈడీ 3 ఓల్టులదే అయినా, తడి నేల మీద నిలబడి ఆ తీగ తెగిన చోట తాకిన మనిషికి తగిలేది మెయిన్స్ కరెంటే. దీపాలు ఆరి ఉన్న క్షణంలోనూ తీగలో ఫేజు ఉండవచ్చు. కోస్తాలో, రాయలసీమలో దీపావళి ఈశాన్య రుతుపవనాల వానల్లో వస్తుంది, వినాయక చవితి పందిళ్లు నైరుతి వానల్లో తడుస్తాయి. ఇనప గొట్టాల పందిరి, కోసుకుపోయిన సీరియల్ తీగ, బురద నేల కలిసిన చోట ఏం జరుగుతుందో ఏటా పండుగల రోజుల్లో చదువుతూనే ఉన్నాం. కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉన్న లైను మీంచే ఇలాంటివి పెట్టాలి, సెల్లోటేపు అతుకులు వేయకూడదు.

ఇంట్లో కట్టేటప్పుడు ఆ డబ్బాను అనుకరించకూడనిది ఇందుకే. ఒక కెపాసిటర్‌తో 230ని తగ్గించి ఎల్ఈడీలు వెలిగించే సర్క్యూట్లు చూడ్డానికి ఇంకా సులువుగా ఉంటాయి, భాగాలు ఇంకా తక్కువ. అవి ఓల్టేజీని తగ్గించినట్టు కనిపించినా మెయిన్స్‌తో లంకె తెంచవు. మంచి చార్జర్ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ లంకె తెంచుతుంది. 5 ఓల్టుల, 12 ఓల్టుల తోరణం తెగినా పిల్లలు పట్టుకున్నా పోయేది దీపమే.

వేగం ఎంత పెట్టాలన్నది అభిరుచి. సెకనుకు ఇంచుమించు ఒకసారి అయితే కంటికి హాయిగా ఉంటుంది. సెకనుకు మూడు దాటితే మాత్రం కొందరికి తలనొప్పి, మిణుకు కాంతికి మూర్ఛ వచ్చేవాళ్లకు ప్రమాదం. యాభై అరవై దాటితే మిణుకు కంటికి ఆనదు, నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది.

గుమ్మానికి అటొకటి ఇటొకటి, ఒకే విలువలతో రెండు సర్క్యూట్లు కట్టి వేలాడదీస్తే అవి కలిసి మిణకవు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద అచ్చేసిన విలువకూ లోపలి విలువకూ 20 శాతం దాకా తేడా ఉండవచ్చు. ఒకటి సెకనుకు, ఇంకొకటి 1.1 సెకనుకు తిరుగుతుంటే, రెండూ కాసేపు ఎడమొహం పెడమొహంగా మిణుకుతూ పదకొండు సెకన్లకు ఒకసారి కలుసుకుని మళ్లీ విడిపోతాయి. కలిసే మిణకాలంటే రెండు వైపులా ఒకే 555 నుంచి తీగ లాగాలి. విడివిడిగా వదిలేస్తే తుమ్మచెట్టు మీద మిణుగురుల్లా కనిపిస్తాయి, ఎక్కువమంది చూసి ఆగేది దాన్నే.